అమ్మ చీరలోంచి పద్దెనిమిది లంగోటాలు

దీపావళి వెళ్ళిన వారంలో మా చెల్లెలు విశాఖపట్నం నుంచి పురిటికి మా ఇంటికి వచ్చింది. అమ్మ పోయి మూడేళ్ళయింది. అమ్మ లేనప్పుడు అక్క ఇల్లే పుట్టిల్లు కదా! నా పోస్టింగు ఢిల్లీలో, కాపురం కరోల్ బాగ్‌లో, మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటులో. ఏడో నెల నిండకముందే, డాక్టరుగారి అనుమతి తీసుకుని, మరిదిగారు తనని దింపి వెళ్ళారు. ఆయనా మన బ్యాంకు ఉద్యోగే.

చెల్లెలు తెచ్చిన సామానులో ఒక పెద్ద సంచి నిండా అమ్మ కట్టిన నేత చీరలున్నాయి. మంగళగిరివి, వెంకటగిరివి, చీరాలవి, అన్నీ ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడినవి. "అక్కా, వీటితో పాపాయికి ఏమన్నా కుడదాం" అంది. నాకు నవ్వొచ్చింది. నా చేతికి సూది కన్నా స్టేప్లరు అలవాటు. ఇరవై ఏళ్ళ సర్వీసులో కుట్టినవల్లా వోచర్లే!

కొత్తవి కొందామంటే తెనాలి నుంచి ఫోనులో పెద్దమ్మ ఒప్పుకోలేదు. "బిడ్డ భూమ్మీద పడకముందు కొత్త బట్టలు కొనకూడదే అమ్మాయ్! పాతవైతే తప్పులేదు" అంది. ఆ మాటలో నమ్మకం పాలెంతో నేను చెప్పలేను గానీ, లెక్క మాత్రం సరిగ్గా ఉంది. కొత్త గుడ్డకి గంజీ, రంగూ, రసాయనాలూ ఉంటాయి. పాత నూలు చీరకి అవన్నీ ఎప్పుడో పోయి, నీరు పీల్చుకునే గుణం మిగిలి ఉంటుంది.

ఆ నవంబరు నెల ఆదివారాల్లో మేము నేర్చుకున్నవి, డిసెంబరులో బిడ్డ మాకు నేర్పినవి, మన బ్యాంకు కుటుంబాల్లో ఎవరికైనా పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను. మనలో చాలామందికి పురుడు వచ్చే సమయానికి ఊరు ఒకచోట, ఉద్యోగం ఒకచోట ఉంటాయి కదా.

ముందు మూడు ప్రశ్నలు

మేనేజ్‌మెంట్ చదువులో "తయారు చేసుకోవాలా, కొనుక్కోవాలా" అని ఒక పాఠం ఉంటుంది. ఏ వస్తువుకైనా ముందు ప్రమాణాలు రాసుకోవాలి, ఆ తరవాతే పని మొదలుపెట్టాలి. మేము ఫ్రిజ్ మీద మూడు ప్రశ్నలు రాసి అంటించాం.

ఒకటి: రోజూ వేడినీళ్ళలో ఉతికితే ఆగుతుందా?

రెండు: అర్ధరాత్రి నిద్రకళ్ళతో, ఒంటిచేత్తో తొడిగి విప్పగలమా?

మూడు: బిడ్డ దగ్గర ఈ వస్తువుని ఒక్క నిమిషం వదిలి పక్కగదిలోకి వెళ్తే ప్రమాదం ఉందా?

మొదటి రెండింటికి జవాబు అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. మూడోదానికి "ఉంది" అని వస్తే ఆ వస్తువు ఎంత ముచ్చటగా ఉన్నా చెయ్యకూడదు. మేము ఈ నియమాన్ని రాసుకున్నాం గానీ మొదట్లో సరిగ్గా పాటించలేదు. ఆ సంగతి ముందుకు చెప్తాను.

కలరా ఉండల సంగతి

పని మొదలుపెట్టేముందే ఒక చిక్కు వచ్చింది. అమ్మ చీరల్లో కొన్ని ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య ఉన్నవి. నెలవారీ పరీక్షకి వెళ్ళినప్పుడు చెల్లెలు మాటవరసకి ఆ మాట అంటే, డాక్టరుగారు వెంటనే ఆపారు. కలరా ఉండల్లో ఉండేది నాఫ్తలీన్. జీ-6-పీడీ అని ఎర్ర రక్తకణాలని కాపాడే ఎంజైము ఒకటి ఉంది. కొందరు బిడ్డల్లో అది పుట్టుకతోనే తక్కువ. అలాంటి బిడ్డకి నాఫ్తలీన్ పట్టిన బట్టలు కడితే, దుప్పటి కప్పితే రక్తకణాలు చితికిపోయి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. ఏ బిడ్డకి ఆ లోపం ఉందో పుట్టకముందు మనకి తెలియదు.

అందుకని ఆ చీరలని విడిగా తీసి పక్కన పెట్టేశాం. బీరువాలో మామూలుగా మడతపెట్టి ఉంచిన ఆరు చీరలు మాత్రమే తీసుకున్నాం. వాటిని వేడినీళ్ళలో సబ్బుతో రెండుసార్లు ఉతికి, గంజి లేకుండా, మేడమీద ఎండలో ఆరేశాం. మీ ఇంట్లోనూ చంటిబిడ్డ బట్టల బీరువాలో కలరా ఉండలు వెయ్యకండి. మా పెద్దమ్మ ఎండిన వేపాకు వేస్తుంది. అది చాలు.

1. లంగోటాలు

నేత చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు, పన్నా సుమారు 115 సెంటీమీటర్లు. పైటచెంగు అర మీటరు తీసేస్తే ఐదు మీటర్లు మిగులుతుంది. రెండువైపులా అంచులు కత్తిరిస్తే 110 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. 55 సెంటీమీటర్ల చదరపు ముక్కలు కోస్తే వెడల్పులో రెండు, పొడవులో తొమ్మిది, వెరసి పద్దెనిమిది వస్తాయి. ఒక్క చీరలోంచి పద్దెనిమిది లంగోటాలన్నమాట. జరీ, కుట్టుపువ్వులు ఉన్న భాగం మాత్రం వాడకండి, చర్మానికి గీసుకుంటుంది.

ముక్కల అంచు సన్నగా ఒకసారి మడిచి మిషను మీద కుట్టాలి. మిషను లేకపోతే చేత్తో కుట్టినా సరిపోతుంది. దారం పోగులు వేలాడకుండా కత్తిరించాలి.

కట్టే విధానం: చదరాన్ని మూలకి మూల కలిపి త్రికోణంగా మడవాలి. పొడుగు అంచు బిడ్డ నడుము కిందకి రావాలి. కింది కొసని కాళ్ళ మధ్యనుంచి పైకి తెచ్చి, రెండు పక్క కొసల్ని దాని మీద వదులుగా ముడివెయ్యాలి. పిన్నీసు అక్కరలేదు. బొడ్డు ఊడిపోయేదాకా ముడి బొడ్డుకి కిందే ఉండాలి. బొడ్డుకి గాలి తగలాలి, తడి తగలకూడదు.

ఎన్ని కావాలి? పసిబిడ్డ రోజుకి ఎనిమిది పదిసార్లు తడుపుతుంది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఢిల్లీ చలికాలంలో పొగమంచు పడితే బట్టలు రెండురోజులైనా ఆరవు. అందుకని మేము రెండు చీరలు కోసి ముప్పై ఆరు చేశాం. తెనాలిలోనో విశాఖలోనో అయితే పద్దెనిమిదితో గడిచిపోయేది.

మొదటి చీరకి కత్తెర పెట్టడానికి చెల్లెలికి చెయ్యి రాలేదు. అది అమ్మ మా ఇద్దరి బారసాలలకీ కట్టుకున్న నీలం మంగళగిరి చీర. ఫోను స్పీకరులో ఉంది. పెద్దమ్మ వింటూనే ఉంది. "ఏమే, మీ అమ్మే ఉంటే ఈపాటికి కోసేసి ఉండేది కాదటే?" అంది. చెల్లెలు కళ్ళు తుడుచుకుని కత్తెర నా చేతికిచ్చింది. నేనే కోశాను.

2. ముందు తెరిచే జబ్లా

చంటిబిడ్డ తల నిలవదు. తలమీంచి తొడిగే చొక్కా ఆ రోజుల్లో పెద్ద పరీక్ష. ముందు తెరుచుకుని, పక్కకి ముడివేసే జబ్లా అయితే బిడ్డని పడుకోబెట్టే తొడగొచ్చు.

50 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల పొడవు గల గుడ్డ తీసుకోండి. పొడవుని సగానికి మడవండి. మడత భుజాల దగ్గరకి వస్తుంది. ఇప్పుడు 50 వెడల్పు, 30 పొడవు ఉంటుంది. మడత మధ్యలో మెడకి 9 సెంటీమీటర్ల వెడల్పున అర్ధచంద్రాకారంగా కోయండి. రెండు పక్కలా చేతులకి పైనుంచి 10 సెంటీమీటర్లు వదిలి, కింద పక్కనుంచి 12 సెంటీమీటర్ల మేర గుడ్డ కోసెయ్యండి. ఇప్పుడు ఇంగ్లీషు టీ అక్షరం ఆకారం వస్తుంది. ముందువైపు పొర ఒక్కటే నడిమికి నిలువుగా కోస్తే తెరుచుకునే చొక్కా అవుతుంది. పక్కలు కుట్టేయండి.

ఇక్కడ ఒక కిటుకు. మన చొక్కాలకి కుట్టు లోపలికి ఉంటుంది. బిడ్డ జబ్లాకి కుట్టు బయటికి ఉంచండి. చూడ్డానికి తిరగేసి వేసినట్టుంటుంది గానీ చర్మానికి ఒరిపిడి ఉండదు. బొత్తాలు వద్దు. నూలు టేపు ముక్కలు రెండు జతలు, ఒక్కొక్కటి 15 సెంటీమీటర్లకు మించకుండా కుట్టండి. పొడుగు నాడాలు మెడకి చుట్టుకుంటాయి. మెడ దగ్గర అసలు నాడా పెట్టొద్దు. మొదటిది ఛాతీ దగ్గర, రెండోది పొట్ట దగ్గర.

3. బనియను టోపీ

నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 33 నుంచి 35 సెంటీమీటర్లు. మావారి పాత నూలు బనియను బాగా సాగుతుంది. దాన్ని 36 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు ముక్కగా కోసి, పక్కలు కలిపి కుట్టి, పైన దారంతో దగ్గరకి లాగి గట్టిగా ముడివేసి, తిరగేస్తే టోపీ తయారు. కింది అంచుని ఒకసారి పైకి మడిస్తే సరి. కట్టుకునే తాళ్ళు వద్దు.

ఇక్కడే నేను నియమం తప్పాను. టోపీ మరీ బోసిగా ఉందని అజ్మల్‌ఖాన్ రోడ్డులో ఉన్ని బంతి ఒకటి, ముత్యాల్లాంటి బొత్తాలు నాలుగు కొని కుట్టాను. మావారు చూసి "డిపాజిట్ మేళాకి బ్యానరు కట్టినట్టుంది" అన్నారు. నేను పట్టించుకోలేదు.

4. బొంత

ఈ పనిలో మాకు గురువు ఎదురింటి ఆంటీ. వాళ్ళది బీహారులోని ముజఫర్‌పూర్ వైపు. ఆ ప్రాంతంలో పాత చీరలు పొరలుగా పేర్చి, పుట్టబోయే బిడ్డకోసం సుజనీ అని కుడతారు. బెంగాలులో కాంథా, కర్ణాటకలో కౌదీ, మనకి బొంత. పేర్లు వేరుగానీ సూది నడక ఒకటే. ఆవిడ తన కుట్టు మిషను కూడా మాకు నెల్లాళ్ళు ఇచ్చింది. మా గోంగూర పచ్చడి ఒక సీసా అటు వెళ్ళింది.

75 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల పొడవుతో నాలుగు చీర ముక్కలు ఒకదాని మీద ఒకటి పరిచి, ముడతలు లేకుండా అరచేత్తో సర్ది, నాలుగు మూలలా, మధ్యలో పెద్ద కుట్లు వేసి ఆపాలి. తరవాత సూది కిందికీ పైకీ పోయే మామూలు కుట్టుతో, రెండు వేళ్ళ ఎడంగా వరసలు కుట్టుకుంటూ పోవాలి. దూది పెట్టకండి. దూది పెట్టిన బొంత ఆరదు, ఉతికితే ఉండలు కడుతుంది. నాలుగు పొరల నూలు ఒక్కపూట ఎండకి ఆరుతుంది.

ఈ బొంత బిడ్డ కింద పరచడానికే. ఒళ్ళో పెట్టుకున్నప్పుడు, నూనె రాసేటప్పుడు, ఎండలో కూర్చున్నప్పుడు వాడాలి. నిద్రపోయే బిడ్డ మీద కప్పడానికి కాదు.

5. క్యాలెండరు కార్డులు

పుట్టిన బిడ్డకి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం మాత్రమే కాస్త స్పష్టంగా కనిపిస్తుంది. పాలు తాగేటప్పుడు తల్లి ముఖం ఉండే దూరం సరిగ్గా అదే. లేతరంగుల కన్నా నలుపు తెలుపు తేడా బాగా గుర్తుపడుతుంది. మన బ్యాంకు పాత గోడ క్యాలెండరు వెనకవైపు తెల్లగా, దళసరిగా ఉంటుంది. దాన్ని 15 సెంటీమీటర్ల చదరాలుగా కోసి, మూలలు గుండ్రంగా కత్తిరించి, నల్ల కాగితంతో లావుపాటి చారలు, వలయాలు, ఒక చందమామ అంటించాం. ఇవి మనం చేత్తో పట్టుకుని చూపించాలి. బిడ్డ దగ్గర వదలకూడదు, నోట్లో పెట్టుకునే వయసు వచ్చేసరికి తీసెయ్యాలి. మా ఇంట్లో ఈ కార్డులు చేసింది మా అబ్బాయి. తొమ్మిదో తరగతి కుర్రాడికి రాబోయే బిడ్డ సంగతిలో చెయ్యడానికి ఒక పని దొరికింది.

6. గుడ్డ బంతి

ఇది మూడు నాలుగు నెలలు దాటాక. మిగిలిన చీర ముక్కలతోనే లోపల కూరి, పైన గుండ్రంగా కుట్టాలి. ఆవాలు, పూసలు, థర్మకోల్ ఉండలు లోపల వెయ్యొద్దు. కుట్టు విడిపోతే అవి నేరుగా నోట్లోకి వెళ్తాయి. కళ్ళు, ముక్కు కావాలంటే దారంతో కుట్టండి. బొత్తాలు వద్దు. పరిమాణానికి సులువైన పరీక్ష ఒకటుంది. టాయిలెట్ రోల్ మధ్యలోని అట్ట గొట్టంలోంచి దూరిపోయే వస్తువేదైనా చంటిబిడ్డకి ప్రమాదమే. బంతి దానికి రెట్టింపు ఉండాలి.

బిడ్డ తొందరపడింది

మా ప్రణాళికలో ఆరు ఆదివారాలున్నాయి. డిసెంబరు నెలాఖరుకి పురుడని డాక్టరుగారు చెప్పారు. నాలుగు ఆదివారాలు అయ్యాయో లేదో, డిసెంబరు మొదటి వారంలో ఒక తెల్లవారుజామున చెల్లెలు గోడ పట్టుకుని నిలబడి "అక్కా" అని పిలిచింది. ఆ గొంతు వినగానే నాకు అర్థమైంది. మధ్యాహ్నానికి ఆడపిల్ల. ముప్పై ఆరో వారం. బరువు రెండు కిలోల వంద గ్రాములు.

రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డని తక్కువ బరువు బిడ్డ అంటారు. ఇలాంటి బిడ్డ ఒంట్లో కొవ్వు తక్కువ. ఒంటి వేడిని నిలుపుకోలేదు. బయట ఢిల్లీ చలి. నేను మా చేతిపనుల సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మేము కుట్టిన జబ్లాలో ఆ పిల్ల లాంటివాళ్ళు ఇద్దరు పడతారు.

నర్సమ్మగారు సంచి తెరిచి ఒక్కొక్కటీ చూసింది. లంగోటాలు పక్కన పెట్టుకుంది. నా ముచ్చటైన టోపీని పట్టుకుని, బొత్తాన్ని గోటితో ఒక్కసారి లాగింది. ఊడి చేతిలోకి వచ్చింది. ఏమీ అనకుండా బొత్తాన్నీ టోపీనీ నా చేతిలో పెట్టి, బోసిగా ఉన్న టోపీని బిడ్డకి తొడిగింది. ఇరవై ఏళ్ళలో ఏ ఆడిటరూ నాకు అంత చక్కగా తప్పు చూపించలేదు.

తరవాత "మెత్తటి చీర ఉందా?" అని అడిగింది. సంచి అడుగున, ఇంకా ఏమీ కుట్టని వెంకటగిరి చీర సగం ముక్క ఉంది. మేము చేసినవాటిలో అన్నిటికన్నా పనికొచ్చినది అదే. దానికి మేము చేసిన పనల్లా అంచు మడిచి కుట్టడమే!

7. కంగారూ కట్టు

1978లో కొలంబియా దేశపు బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలక, ఒక్కోదాంట్లో ఇద్దరేసి బిడ్డల్ని పెట్టవలసి వస్తున్న ఆసుపత్రిలో ఎడ్గార్ రేయ్ సనాబ్రియా అనే వైద్యుడు తక్కువ బరువు బిడ్డల్ని తల్లి గుండెల మీద, చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచే పద్ధతి మొదలుపెట్టారు. కంగారూ తన పిల్లని సంచిలో మోసినట్టు ఉంటుందని ఆ పేరు వచ్చింది.

ఈ పద్ధతి గట్టితనాన్ని తేల్చిన పెద్ద పరిశోధనల్లో ఒకటి మన ఢిల్లీలోనూ జరిగింది. భారత్, ఘానా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాల్లోని ఐదు ఆసుపత్రుల్లో, కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు బరువున్న 3,211 మంది బిడ్డల మీద జరిగిన అధ్యయనం అది. మన దేశం నుంచి ఉన్నది సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. సగం మందికి పుట్టిన వెంటనే కంగారూ కట్టు మొదలుపెట్టారు. మిగిలినవారికి మామూలు పద్ధతిలో, బిడ్డ పరిస్థితి నిలకడ అయ్యాక మొదలుపెట్టారు. మొదటి 28 రోజుల్లో మరణాలు రెండో గుంపులో 15.7 శాతం ఉంటే, వెంటనే కట్టినవారిలో 12 శాతమే ఉన్నాయి. ఫలితాలు 2021లో వెలువడ్డాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలలు నిండని, తక్కువ బరువు బిడ్డలకి పుట్టిన వెంటనే ఇది మొదలుపెట్టాలనీ, రోజుకి 8 నుంచి 24 గంటలు, వీలైనంత ఎక్కువసేపు ఉంచాలనీ సిఫారసు చేసింది.

మా పాప ఆ అధ్యయనంలోని బిడ్డలకన్నా పెద్దదే, నిలకడగానే ఉంది. అయినా వెచ్చదనం కావాలి. నర్సమ్మగారు మాకు చూపించిన తీరు ఇది.

రెండున్నర మీటర్ల మెత్తటి నూలు గుడ్డ కావాలి. బిడ్డకి లంగోటా, టోపీ, మేజోళ్ళు మాత్రమే. తల్లి ముందు తెరుచుకునే జాకెట్టో నైటీయో వేసుకోవాలి. బిడ్డని నిలువుగా, రొమ్ముల మధ్య, ఛాతీకి ఛాతీ ఆనేలా పెట్టాలి. తల ఒక పక్కకి తిరిగి, గడ్డం కాస్త పైకి ఉండాలి. కాళ్ళు కప్పలా మడిచి ఉండాలి. గుడ్డని బిడ్డ వీపు మీంచి తల్లి వెనక్కి తీసుకెళ్ళి, మళ్ళీ ముందుకి తెచ్చి ముడివెయ్యాలి. గుడ్డ పై అంచు బిడ్డ చెవి కిందికి రావాలి. ముక్కూ నోరూ ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. పైన తల్లి శాలువా కప్పుకోవచ్చు, బిడ్డ ముఖం మీదికి రాకుండా. మొదటిసారి నర్సు ఎదుటే కట్టడం నేర్చుకోండి. చదివి సొంతంగా మొదలుపెట్టే పని కాదు.

ఇది తల్లే చెయ్యాలని లేదు. మరిదిగారు పితృత్వ సెలవు 15 రోజులు పెట్టుకుని మర్నాడే విమానంలో వచ్చారు. చెల్లెలు నిద్రపోయే వేళల్లో ఆయన చొక్కా విప్పి, అత్తగారి వెంకటగిరి చీరతో కూతుర్ని గుండెకి కట్టుకుని, గంటలకొద్దీ కుర్చీలో కూర్చునేవారు. మధ్యలో నేనూ కట్టుకున్నాను. రెండు కిలోల బరువు అంత వెచ్చగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. మా అబ్బాయి పుట్టినప్పుడు ఇవన్నీ అమ్మ చూసుకుంది, నేను పరీక్షలకి చదువుకుంటూ కూర్చున్నాను.

మేము చెయ్యనివి

ఇంటికి తెచ్చాక పెద్దమ్మ మొదటి ప్రశ్న: "ఆవాల దిండు కుట్టారా? తల గుండ్రంగా రావద్దూ?" మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న అలవాటు. కానీ ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేటప్పుడు చెప్పిన మాట ఖచ్చితంగా ఉంది. మొదటి ఏడాది పడకలో దిండు వద్దు. బిడ్డని వెల్లకిలా, గట్టిగా చదునుగా ఉండే పరుపు మీద పడుకోబెట్టాలి. పక్కలో దిండ్లు, బొమ్మలు, లావుపాటి రజాయిలు ఉండకూడదు. మెత్తటి వస్తువు ముక్కుకి అడ్డం వస్తే తల పక్కకి తిప్పుకునే శక్తి ఆ బిడ్డకి ఉండదు. మేలుకుని ఉన్నప్పుడు, మనం ఎదురుగా ఉండి కాసేపు బోర్లా పడుకోబెడుతూ, ఎత్తుకునే పక్క మారుస్తూ ఉంటే తల ఆకారం చాలావరకు అదే సర్దుకుంటుంది.

పెద్దమ్మకి ఇది ఎలా చెప్పాలా అని నేను రెండురోజులు ఆలోచించాను. చివరికి ఫ్రిజ్ మీది మూడో ప్రశ్న చదివి వినిపించాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత "సరే, ఆ ఆవాలు పులిహోరలో వేసుకోండి" అంది. ఆ రోజు నుంచి దిండు మాట ఎత్తలేదు.

చేతి తొడుగులూ మేము కుట్టలేదు. లోపలి దారం పోగు వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది, బిడ్డ ఏడుపు ఎందుకో మనకి అర్థం కాదు. దానికన్నా నిద్రలో గోళ్ళు తీయడం మేలు. మేజోళ్ళని కూడా తిరగేసి, పోగులు చూసి తొడగండి. మెడలో పూసలూ తాడూ వేసి నిద్రపుచ్చొద్దు. పొత్తిళ్ళలో చుట్టేటప్పుడు ఛాతీ దగ్గర రెండు వేళ్ళు పట్టేంత వదులుగా, కాళ్ళు కదిలేలా చుట్టండి. కాళ్ళు చాపి బిగించి చుడితే తుంటి కీలుకి మంచిది కాదు.

ఇంకొక మాట, ఉత్తరాదిలో పోస్టింగు ఉన్నవారికి. చలికి భయపడి, తలుపులు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి. దానినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, పడుకున్నవాళ్ళు లేవరు. బిడ్డకి మనం వేసుకున్నదానికన్నా ఒక పొర ఎక్కువ వేస్తే చాలు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట పట్టి ఉంటే బట్టలు ఎక్కువైనట్టు. చల్లగా ఉంటే తక్కువైనట్టు. వెచ్చటి గదిలో నిద్రపోయేటప్పుడు టోపీ తీసెయ్యాలి.

లెక్క తేల్చితే

బ్యాంకువాళ్ళం కాబట్టి చివర్న లెక్క చెప్పకపోతే బాగుండదు. లంగోటాలు ముప్పై ఆరు, జబ్లాలు ఆరు, బనియను టోపీలు మూడు, బొంతలు మూడు, పొత్తి గుడ్డలు నాలుగు, కంగారూ కట్టు ఒకటి, కార్డులు ఎనిమిది. నూలు టేపు, దారాలు, సూదులు, ఒక మంచి కత్తెర కలిపి ఆరువందల నలభై రూపాయలు. దాంట్లో నా ఉన్ని బంతి, ముత్యాల బొత్తాలు ఎనభై రూపాయలు. వాటిని పూర్తిగా నష్టం కింద రాసేశాను. ఉన్ని స్వెటర్లు, థర్మామీటరు, రాత్రిపూట వాడే డైపర్లు కొన్నాం. వాటికి పెద్దమ్మ అభ్యంతరం పెట్టలేదు, బిడ్డ అప్పటికే పుట్టింది కాబట్టి!

మీ ఇంట్లో పురుడు రాబోతుంటే ఒకటి రెండు సూచనలు. ఏడో నెలలోనే మొదలుపెట్టండి, మాలాగా ఆరు ఆదివారాల లెక్క నమ్ముకోకండి. సగం బట్టలు చిన్న కొలతతో కుట్టండి. జబ్లాకి నేను చెప్పిన కొలతలు నెలలు నిండిన బిడ్డకి సరిపోతాయి. చిన్న బిడ్డకి ప్రతి కొలతా అయిదోవంతు తగ్గించండి. ఆసుపత్రి సంచిలో కుట్టినవాటితో పాటు కుట్టని మెత్తటి చీర ఒకటి తప్పకుండా పెట్టుకోండి. ఇంట్లో ప్రతివాళ్ళకీ ఒక పని అప్పగించండి. కత్తిరించేవాళ్ళు, కుట్టేవాళ్ళు, దారం పోగులు ఏరేవాళ్ళు. దూరాన ఉన్న పెద్దవాళ్ళకి ఫోను చేసి సలహా అడగండి. డాక్టరు వద్దన్నదాన్ని మాత్రం వాళ్ళకి ఓపికగా చెప్పండి.

ఇరవై ఒకటో రోజున బారసాల చేశాం. పాపకి నాలుగో వారం నుంచి బరువు బాగా పెరిగింది. ఫిబ్రవరిలో విశాఖకి తిరిగి వెళ్ళేటప్పుడు మూడు కిలోల తొమ్మిది వందలు. చెల్లెలు అన్నీ మూటకట్టుకుంది గానీ, నీలం మంగళగిరి లంగోటా ఒకటి నా బీరువాలో వదిలి వెళ్ళింది. పొరపాటున మర్చిపోయిందనుకుని ఫోను చేశాను.

"మర్చిపోలేదక్కా, అది నీకే" అంది.